బెత్తం అందుకునే ఆదివారం

పిండిముద్దని బల్ల మీద ఎత్తి కొట్టి, మెంగార్దా ముంజేత్తో నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. నేలలో తవ్విన పొయ్యి అప్పటికే ఎర్రబడింది. యుద్ధం మధ్యాహ్నానికే తేలిపోయింది. ఏటి రేవు దగ్గర శత్రుసేనాని కొర్రాదో దళం విరిగి చెల్లాచెదురైంది. పారిపోవడానికి వీల్లేక దొరికిపోయిన పాతికమంది రౌతులు గొర్రెలదొడ్లో గడ్డి మీద కూలబడి, ఆమె రొట్టెలు ఎప్పుడు దింపుతుందా అని చూస్తున్నారు.

వాళ్ళ ముఖాల్లో భయం లేదు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ మిగలనందుకు కాస్త సిగ్గు ఉంది, అంతే. గుర్రాలూ కవచాలూ కత్తులూ గెలిచినవాళ్ళకి పోతాయి, మనిషి మాత్రం ఇంటికి పోతాడు. పోయేముందు గెలిచిన సేనాని వంటశాల నుంచి అతనికి ఒక రొట్టె, ఒక గిన్నెడు ద్రాక్షసారా ఇస్తారు. ఈ ఆనవాయితీని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఏ నగరం పిలిస్తే ఆ నగరం తరఫున బల్లెం పట్టే మనుషులు వీళ్ళంతా. కిందటేడు ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళు ఈ ఏడు ఎదురెదురుగా నిలబడతారు. అందుకే ఈ ఒక్క మర్యాదని తాగుబోతులు కూడా తప్పరు.

"మెంగక్కా, ఈసారైనా కాస్త ఉప్పు తగలెయ్యి," అని దొడ్లోంచి కేకేశాడు ఉగోలో. గడ్డం నెరిసిపోయిన మనిషి. "కిందటిసారి నీ రొట్టె తిన్నాక జన్మలో మళ్ళీ ఓడిపోకూడదని ఒట్టేసుకున్నాను."

"మరి ఎందుకోడావ్? ఈ వయసులో ఇంటిపట్టున కూర్చోలేవూ?"

"ఇంట్లో మా ఆవిడ ఉంది. దానికంటే మీ తమ్ముడి బల్లెమే నయం."

దొడ్డంతా గొల్లుమంది. కాపలా ఉన్నవాళ్ళూ నవ్వారు. మెంగార్దా నవ్వు ఆపుకుంటూ ముద్దలు విడదీసి తడిగుడ్డ కప్పింది. ఆమె తమ్ముడు రినియేరీని మొదటిసారి గుర్రం ఎక్కించినవాడు ఈ ఉగోలోనే. అప్పటికి రినియేరీ కొండల్లో బొగ్గులు కాల్చేవాళ్ళ కుర్రాడు, మెడ దాకా మసి. అందుకే దళంలో వాణ్ణి కర్బోనే అన్నారు, బొగ్గు అని. ఇప్పుడా పేరు వినబడితే చాలు, ఊళ్ళకి ఊళ్ళు తలుపులు మూసుకుంటున్నాయి. మెంగార్దా మాత్రం ఇప్పటికీ ఒరేయ్ అనే పిలుస్తుంది.

రినియేరీ గుడారాల మధ్య నుంచి వచ్చాడు. ఛాతీకవచం ఇంకా విప్పలేదు, గడ్డం నిండా దుమ్ము. పక్కన అందరూ మెస్సర్ అని గౌరవంగా పిలిచే ఓదోనే, దళం మీద ఒక కన్నేసి ఉంచడానికి, జీతమిచ్చే రివెల్లా నగరం పంపిన పెద్దమనిషి. పొట్టిగా, శుభ్రంగా ఉంటాడు. లవంగాలు గుచ్చిన నారింజపండు ముక్కు దగ్గర పెట్టుకుని, బురద తప్పించుకుంటూ నడుస్తున్నాడు.

"వీళ్ళని పంపించేస్తున్నారా సేనాని గారూ?" అన్నాడు ఓదోనే, దొడ్డి వైపు చూస్తూ.

"రొట్టె కాలగానే. ఆనవాయితీ అది."

"అవునవును, సైనికుల ఆనవాయితీ. నాకు తెలుసు. మా సభలో కూర్చునేవాళ్ళు ఉన్ని వ్యాపారులండీ, వాళ్ళకే తెలీదు. మేలో వదిలేసిన రౌతు ఆగస్టులో మళ్ళీ ఎదురొస్తే, ఈ సేనాని మనవైపా వాళ్ళవైపా అని అడుగుతారు. నేనేం జవాబు చెప్పను?"

"చంపమంటారా అయితే?"

"అయ్యయ్యో! అనడానికి నేనెవర్ని? చంపితే పాపం కూడాను." నారింజపండుని ఒకసారి గట్టిగా పీల్చాడు. "బొటనవేలు లేనివాడు బల్లెం పట్టలేడని ఎవరో అంటుంటే విన్నాను. విన్నమాట చెప్పాను, అంతే. ఆదివారం మీరు సర్వసేనాని పదవికి గుర్తుగా బెత్తం అందుకుంటారు. ఆ తర్వాత కాస్తెల్‌మోరా ఊరు మీ పేర రాసిచ్చే సంగతి సభకి వస్తుంది. సభ సంతోషంగా ఉంటే పనులు చకచకా అవుతాయి."

ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. మెంగార్దా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"ఒరేయ్, ఆ మనిషి ఏం కూశాడో విన్నావా?"

"విన్నాను."

"విని?"

రినియేరీ చేతితొడుగు వేళ్ళు ఒక్కొక్కటే లాగి విప్పుతున్నాడు. "రొట్టెలు ఆపక్కా. ఇవాళ వీళ్ళని పంపట్లేదు."

"పిండి పొంగింది. ఇప్పుడాపితే పులుస్తుంది."

"పులవనీ."

ఆమె బల్ల చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది, కాపలావాళ్ళు వింటున్నారని. "వీళ్ళ వేళ్ళు నువ్వు తీస్తే, రేపు మనవాళ్ళు దొరికినప్పుడు కొర్రాదో ఏం చేస్తాడనుకున్నావ్? ముద్దుపెట్టుకుంటాడా?"

"రేపటికి నాకు ఊరుంటుందక్కా. గోడలున్న ఊరు. తలుపులు నేను తీయమంటే తీస్తారు, వేయమంటే వేస్తారు. ఎవళ్ళ గోడల కోసమో కొట్టుకు చావడం ఇంక నావల్ల కాదు. గడ్డం నెరుస్తోంది. ఆ ఉగోలోలాగా చొక్కాతో దొడ్లో కూర్చుని రొట్టె కోసం ఎదురుచూస్తూ ముసలాణ్ణవ్వమంటావా?"

"నీకు ఊరుంటుంది. బానే ఉంది. నీ వెన్నంటి ఉండే మన గ్వెల్ఫోకి ఏముంటుంది? దళంలో మిగతావాళ్ళకి?"

అతను చేతితొడుగు నడుముపట్టీలో దోపుకుని గుడారం వైపు వెళ్ళిపోయాడు. దొడ్లో ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు ఆకలితో పళ్ళెం వాయించినట్టు కంచె మీద కొడుతున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో తెలీక మెంగార్దా పొయ్యిలో బూడిద కుమ్మరించింది.

మర్నాడు పొద్దున్న ఆమె మాంసం కొట్టే మొద్దు కనబడలేదు.

వెతుక్కుంటూ వెళ్తే దొడ్డి ముందు ఉంది. నిన్నటి కొవ్వు మరకలు దాని మీద ఇంకా ఆరలేదు. దళం మొత్తం అర్ధచంద్రంలా నిలబడి ఉంది. ఒక్కడూ పక్కవాడితో మాట్లాడటం లేదు. ఓదోనే కాస్త దూరంలో మడతకుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, ఇదంతా తనకి పట్టనట్టు ఏటివైపు ముఖం పెట్టుకుని.

"గ్వెల్ఫో," అన్నాడు రినియేరీ. "కానివ్వు."

రినియేరీ తర్వాత దళంలో రెండోవాడు గ్వెల్ఫో. విరిగి వంకరపోయిన ముక్కు, నోట్లోంచి మాట ఊడిపడటమే గగనం. అతను ముందుకి రాలేదు. కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. "నిన్న మణికట్టు బెణికింది దొరా. పట్టు దొరకట్లేదు."

"నువ్వు?" అన్నాడు రినియేరీ, పక్కవాడితో.

"నాకు జొరం దొరా."

మూడోవాడు నేల చూశాడు. వరసంతా నేలచూపులే. రినియేరీ దవడ బిగుసుకోవడం మెంగార్దాకి కనబడింది. చిన్నప్పుడు బొగ్గుల కుప్ప మీద పడి మోచెయ్యి కాలినప్పుడు కూడా వాడు ఏడవలేదు, ఇలాగే దవడ బిగించాడు. ఇప్పుడు వెనక్కి తగ్గితే నగరం ముందు అలుసైపోతాడు, ముందుకెళ్తే వీళ్ళ ముందు. ఆమెకి తమ్ముడి మీద జాలి, అసహ్యం రెండూ ఒకేసారి కలిగాయి.

అతను కత్తి దూశాడు.

"కత్తి వద్దురా," అన్నాడు ఉగోలో దొడ్డి గుమ్మంలోంచి. అతనే ముందు బయటికొచ్చాడు, ఎవరూ లాగకుండానే. "కత్తయితే రెండు దెబ్బలు పడతాయి. చిన్నగొడ్డలి తీసుకో. ఇన్నేళ్ళయినా ఏ పనికి ఏది వాడాలో తెలీదు నీకు."

ఎవరూ నవ్వలేదు. ఉగోలో మోకాళ్ళ మీద కూర్చుని మొద్దు మీద కుడిచెయ్యి పరిచాడు. నాలుగువేళ్ళూ ముడిచి, బొటనవేలు విడిగా పెట్టాడు. మంగలి ముందు తల వంచినంత మామూలుగా పెట్టాడు. రినియేరీ గొడ్డలి అందుకున్నాడు. ఒక్కటే దెబ్బ.

"చెయ్యి తిన్నగానే ఉంది నీది," అన్నాడు ఉగోలో. ఆ మాట అన్నాకే పక్కకి ఒరిగిపోయాడు.

మెంగార్దా అప్పటికే గుడ్డలు చింపుతోంది. గుడ్డు తెల్లసొన, గులాబినూనె, దేవదారు జిగురు ఒక చట్టిలో కలిపి నారతో గాయం మీద అదిమింది. మిగతావాళ్ళ పని ఓదోనే కాపలాదార్లు చూశారు. వాళ్ళు నగరంలో పశువులు కోసే చోట పనిచేసినవాళ్ళు, ఒక్కో దెబ్బతో తేల్చేశారు. ఆమె తల ఎత్తి ఎవర్నీ చూడలేదు. ఒక చెయ్యి కట్టడం, ఇంకో చెయ్యి అందుకోవడం. మధ్యలో ఒక్కసారి తమ్ముడి బూట్లు కళ్ళ పడ్డాయి. కదలకుండా అక్కడే ఉన్నాయి, చివరివాడయ్యేదాకా.

అంతా అయ్యాక వాళ్ళని వదిలేశారు. ఏటి వార పాడుపడ్డ పిండిమర దాకా నడవగలిగారు, అంతకుమించి కాళ్ళు సాగలేదు. అక్కడే పడిపోయారు. మెంగార్దా సాయంత్రం గాడిద మీద నీళ్ళూ చిక్కుడుగింజల జావా వేసుకుని వెళ్ళింది. రినియేరీ వద్దనలేదు. ఎక్కడికెళ్తున్నావని కూడా అడగలేదు.

గెలిచిన సాయంత్రాలు సేనాని గుడారం ముందు పీపా విప్పుతారు. దళంలో ప్రతివాడూ వచ్చి ఒక గిన్నె తాగి, ఒక బూతుమాట అని పోవడం అలవాటు. ఈసారి ఒకరోజు ఆలస్యంగా, ఆ శుక్రవారం సాయంత్రం పీపా విప్పారు. రినియేరీ తనే దాని పక్కన నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. గుర్రాలకి నీళ్ళు పెట్టాలని ఒకడు, గుడారం తాడు తెగిందని ఒకడు. చీకటి పడేముందు అతనే బిరడా బిగించేశాడు.

శనివారం పొద్దున్న మెంగార్దా గుడారాల మధ్య నుంచి నడుస్తూ, మనుషులు చేస్తున్న పనులు చూసింది. ఒకడు జీను పట్టీకి కొత్త కుట్లు వేస్తున్నాడు. ఒకడు గుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని నాడా మేకులు పరీక్ష చేస్తున్నాడు. ఇంకొకడు గుడారం గుంజలు లెక్కపెట్టి కట్టలు కడుతున్నాడు. యుద్ధం ఉన్నప్పుడు రౌతులు బల్లేలు నూరుకుంటారు, కవచాలకి నూనె రాస్తారు. జీను పట్టీలు బాగుచేసుకునేది దూరప్రయాణానికి.

గ్వెల్ఫో తనంతట తనే వంటశాలకి వచ్చాడు. బెణికిందన్న చేత్తోనే ఉల్లిపాయల గంప పక్కకి జరిపి కూర్చున్నాడు.

"నీతో అబద్ధం చెప్పలేనక్కా. మేం ఇక్కడ ఉండట్లేదు."

"ఎవరెవరు?"

"అందరం."

ఆమె ఉల్లిపాయ తరగడం ఆపలేదు. "ఎక్కడికి?"

"నీకు చెప్తే ఆయనకి చెప్తావు. తమ్ముడు మరి. తప్పులేదు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. మాటలు వెతుక్కుంటున్నాడని ఆమెకి తెలుసు. "దెబ్బలకి భయపడి కాదక్కా. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాం, అందరం దొరుకుతాం. దొరికినా ఇంటికి పోతామన్న ధైర్యంతోనే కదా బల్లెం పడతాం. కొర్రాదో వాళ్ళు ఇంక మమ్మల్ని ఊరికే వదలరు. నాకు ముగ్గురు ఆడపిల్లలు. వేళ్ళు లేకుండా పోయి ఏం పని చేసి సాకను? నువ్వూ మాతో వచ్చెయ్. నీ వంటలో ఉప్పు లేకపోయినా అలవాటైపోయింది."

"వాణ్ణి వదిలేసి?"

"ఆయన మనల్ని ఎప్పుడో వదిలేశాడు."

ఆ మాట నిజమే అనిపించింది, అందుకే మరీ కోపం వచ్చింది. కత్తి అక్కడే పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా తమ్ముడి గుడారానికి వెళ్ళింది.

లోపల నగరం నుంచి వచ్చిన దర్జీ రినియేరీ చుట్టూ తిరుగుతున్నాడు, నోట్లో గుండుసూదులతో. వెండిజరీ అంగీ. భుజాల దగ్గర బిగుతు, బల్లెం పట్టేవాడి భుజాలకి నగరం దర్జీ కొలత చాల్లేదు. చేతులు బార్లా చాపి నిలబడ్డ తమ్ముణ్ణి చూస్తే ఆమెకి ఒక్క క్షణం మాట మర్చిపోయినట్టయింది. అంత అందంగా ఉన్నాడు.

"ఎలా ఉందక్కా?"

"బావుంది. ఒరేయ్, నీ దళం వెళ్ళిపోతోంది."

దర్జీ సూదులు మింగినంత పనిచేశాడు. రినియేరీ నవ్వాడు. "ఎవరన్నారు?"

"గ్వెల్ఫో అన్నాడు. ఎవరూ అనక్కర్లేదు కూడా. బయటికొచ్చి చూడు, ఒక్కొక్కడూ జీను పట్టీలు కుట్టుకుంటున్నాడు."

"రేపు ఊరేగింపు ఉంది, కుట్టుకోరా మరి? చిరుగు పట్టీలతో నగరంలోకి వస్తారా?" చెయ్యి కాస్త పైకెత్తి భుజం సరిచూసుకున్నాడు. "గ్వెల్ఫో ఎక్కడికీ పోడు. వాడి నోట్లోంచి నాలుగు మాటలు రావడానికే నాలుగు గంటలు పడుతుంది. ముఖం మాడ్చుకుంటారు, నాకు తెలుసు. నాకు మాత్రం సంతోషంగా ఉందా ఏంటి? నేను రాత్రి కన్ను మూశానా? బెత్తం చేతికి వచ్చాక అన్నీ సర్దుకుంటాయి. కాస్తెల్‌మోరాలో ఒక్కొక్కడికీ ఒక ఇల్లిస్తా. నీకు రాతి వంటిల్లు కట్టిస్తా, పొగగొట్టం ఉన్నది."

"నాకు వంటిల్లు ఎందుకురా? ముందు పోయి గ్వెల్ఫోతో మాట్లాడు. తప్పయిందని చెప్పు. నోటితో ఒక్క మాట చెప్పు చాలు, వాళ్ళకి నువ్వంటే ప్రాణం."

"తప్పు చెయ్యలేదుగా," అన్నాడు రినియేరీ. దర్జీ వైపు తిరిగాడు. "ఇక్కడ కాస్త వదులు చెయ్యవయ్యా."

ఆమె బయటికొచ్చేసింది. మాట్లాడితే అరుస్తుంది, అరిస్తే అంతా వింటారు.

ఆదివారం ప్రార్థన అయ్యేసరికి గుడారాల మైదానం ఖాళీగా ఉంది. గుంజలు పాతిన గుంటలు, పేడకుప్పలు, ఆరిపోయిన పొయ్యిలు. మిగిలింది సేనాని గుడారం, వంటశాల, నలుగురు పనివాళ్ళు. గుర్రం ఎక్కబోతున్న రినియేరీ ఒక్క క్షణం ఆగాడు. మెంగార్దా ఊపిరి బిగబట్టి అతని ముఖమే చూసింది.

"ముందే వెళ్ళిపోయారన్నమాట," అన్నాడు.

నగరం దగ్గరికొస్తుంటే బూరలు వినబడ్డాయి. కోట తలుపు ముందు పచ్చికమైదానంలో దళం మొత్తం రెండు బారులుగా నిలబడి ఉంది, జెండాలతో, తళతళలాడే కవచాలతో. రినియేరీ జీను మీద నిటారుగా కూర్చున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"చూశావా అక్కా! నాకు చెప్పాపెట్టకుండా ముందొచ్చి బారులు తీరారు. వెధవలు! నువ్వు అనవసరంగా హడలిపోయావు."

"గుడారాలు కూడా విప్పేసి తెచ్చుకున్నార్రా," అంది మెంగార్దా గాడిద మీంచి. "ఊరేగింపుకి గుడారాలెందుకు?"

అతను వినిపించుకోలేదు. గుర్రాన్ని అదిలించి బారుల మధ్యకి వెళ్ళాడు. సేనాని వస్తే బల్లేలు పైకి లేవాలి. ఒక్కటీ లేవలేదు. ఎడంవైపు చూశాడు, కుడివైపు చూశాడు. ఎవరూ అతని కళ్ళలోకి చూడలేదు. నవ్వు అతని ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

కోట తలుపు మెట్ల మీద సభవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. జ్యోతిష్కుడు ముహూర్తం కోసం ఇత్తడి పలకని సూర్యుడికి పట్టి చూసి చెయ్యి ఊపాడు. గంట మోగింది. మోకాళ్ళ మీద కూర్చున్న ఒక మనిషి చేతిలో మెస్సర్ ఓదోనే వెండితొడుగు బెత్తాన్ని పెట్టాడు. ఆ మనిషి లేచి వెనక్కి తిరిగాడు. వంకరముక్కు. గ్వెల్ఫో.

రినియేరీ కళ్ళెం లాగి గుర్రాన్ని ఆపాడు. జెండాల గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి.

"ముహూర్తం ఆగదు కదండీ," అన్నాడు ఓదోనే చివరికి, రినియేరీతో, చాలా మర్యాదగా. "నగరం ఒప్పందం చేసుకున్నది బల్లేలతో. నిన్న సాయంత్రం ఈయన వచ్చి మాట్లాడారు, ఇవాళ బల్లేలన్నీ ఈయన వెంట వచ్చాయి. మేమేం చెయ్యగలం చెప్పండి?"

గ్వెల్ఫో బెత్తాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎలా పట్టుకోవాలో తెలీనట్టు. "ఇంకో మాట," అన్నాడు సభవాళ్ళతో. "దొరికినవాళ్ళని ఆనవాయితీ ప్రకారం వదిలేస్తాం. అది కుదరదంటే ఇప్పుడే చెప్పండి, ఇది తిరిగిచ్చేస్తా."

"భలేవారే!" అన్నాడు ఓదోనే. "నగరం ఎప్పుడైనా కాదందా? మొన్న జరిగింది కర్బోనే గారి సొంత ఆలోచన. మేమూ చాలా బాధపడ్డాం."

మెంగార్దా గాడిద దిగింది. కాళ్ళు ఎలా కదిలాయో ఆమెకే తెలీదు. "నీ నోట్లో పురుగులు పడ!" అని అరిచింది. "నా పిండిబల్ల ముందు నిలబడి ఆ మాటన్నది నువ్వు కాదూ? నీ అంత శుభ్రమైనవాడు వేలు పెట్టి చూపించడు కదా, నారింజపండు వాసన చూస్తూ చెప్తాడు! వాడు బుద్ధిలేక విన్నాడు. నువ్వు బుద్ధుండి అన్నావ్!"

ఓదోనే తల కాస్త వంచాడు, పెద్దావిడ దుఃఖంలో ఉందని సర్దిచెప్తున్నట్టు. సభవాళ్ళలో ఒకడు దగ్గాడు. అంతే. ఆమె కోపం ఎవరికీ తగల్లేదు, మెట్ల మీద నుంచి కిందికి జారిపోయింది.

అప్పుడు బారుల్లోంచి ఎవరో అన్నారు, మెల్లగా, "వేలు." ఇంకొకడు అందుకున్నాడు. "వేలు తియ్యండి." బల్లెం మొదళ్ళు నేల మీద తడుతూ రెండు బారులూ అందుకున్నాయి. రినియేరీ గుర్రం బెదిరి పక్కకి అడుగులేసింది. అతను దిగాడు. కుడిచేతి తొడుగు విప్పి కింద పడేసి, చెయ్యి ముందుకి చాపాడు. ముఖంలో రక్తం చుక్క లేదు.

"ఎవరికుంది ధైర్యం?" అన్నాడు. "రండి. నేనైతే నా చేత్తో నేనే కొట్టాను. జొరమనీ బెణికిందనీ చెప్పలేదు."

ఇద్దరు ముగ్గురు గుర్రాల మీంచి కిందికి దిగారు. మెంగార్దా వాళ్ళకీ తమ్ముడికీ మధ్య నిలబడింది. ఏం చేయగలదని నిలబడిందో, ఊరికే నిలబడింది.

గ్వెల్ఫో మెట్లు దిగి వచ్చాడు. ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపాడు, నెమ్మదిగానే. రినియేరీ చాపిన చేతిని చూశాడు.

"గుర్రం మాది," అన్నాడు. "కవచం, కత్తి మావి. ఆ జరీ అంగీ కూడా విప్పు." బారుల వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఆనవాయితీ మళ్ళీ ఇవాళ మొదలు. ముందు ఈయనతోనే మొదలు. ఎవరైనా చెయ్యేస్తే వాణ్ణి నేను చూసుకుంటా."

బల్లేల చప్పుడు ఆగిపోయింది. రినియేరీ అంగీ విప్పుతుంటే గుండీ ఒకటి రాలేదు. కొత్త గుడ్డ. ఇంతమంది చూస్తుండగా ఆ ఒక్క గుండీతో చాలాసేపు తంటాలు పడ్డాడు. వేలు తెగిపోయి ఉంటే అతనికి ఇంతకంటే సుఖంగా ఉండేదని మెంగార్దాకి అర్థమైంది. సాయం చెయ్యబోయి ఆగిపోయింది.

ఆమె మర దారి పట్టింది. గాడిద మీద జావ చట్టి, నార, గుడ్డలు. ఈ పూట కట్లు మార్చాలి. వెనక అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది, కాస్త దూరంలో, బూట్లు లేని అడుగులు. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తుందని భయం, లేదా కొడుతుందని. ఏటి వంపు దాటాక అతను ఒకసారి "అక్కా" అన్నాడు. ఆమె గాడిదని అదిలించింది. అతను మళ్ళీ పిలవలేదు.

మర లోపల గోలగా ఉంది. జ్వరాలు తగ్గాయి. చాలామంది ఇంటికి బయల్దేరాలని చూస్తున్నారు. బూట్లు గెలిచినవాళ్ళకి పోయాయి కాబట్టి, గొర్రెతోలు ముక్కలు పాదాలకి చుట్టుకుని తాళ్ళు బిగించుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఒకడు తాడు పళ్ళతో పట్టుకుని లాగుతున్నాడు, లాగినప్పుడల్లా ముడి జారిపోతోంది. ఇద్దరు కలిసి ఒక ముడి వేయబోయి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. ఒక కుర్రరౌతు తోలుముక్క గోడకి విసిరికొట్టి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"కోటలు పట్టినవాళ్ళం మెంగక్కా," అన్నాడు ఉగోలో. "చెప్పులు కట్టుకోలేకపోతున్నాం."

"ఉండండి, ఉండండి, నేను కడతాను," అంటూ ఆమె చట్టి దించింది. వంగబోతే ఉగోలో చూపు ఆమెని దాటి గుమ్మం దగ్గర ఆగింది. లోపలి గోల ఒక్కసారిగా అణిగిపోయింది.

రినియేరీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చొక్కాతో. లోపలికి రాలేదు, పోలేదు. మూలన ఒకడు ఎడంచేత్తో కర్ర అందుకున్నాడు.

"నిన్నూ వదిలేశారా?" అన్నాడు ఉగోలో.

"వదిలేశారు."

"వేళ్ళు?"

రినియేరీ రెండు చేతులూ ముందుకి చాపి చూపించాడు.

ఉగోలో ఆ చేతుల్ని అలా చూస్తూనే ఉన్నాడు. మెంగార్దా కదల్లేదు. వాళ్ళు అతన్ని ఏం చేసినా అడ్డుపడే హక్కు తనకి లేదని ఆమెకి తెలుసు, అడ్డుపడుతుందనీ తెలుసు. కర్ర పట్టుకున్నవాడు లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా," అన్నాడు ఉగోలో అతనితో, విసుగ్గా. ఆ తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "పాతికమందికి మీ అక్క ఒక్కతే ఎంతసేపని కడుతుంది? చీకటిపడితే ఏరు దాటలేం. రా."

రినియేరీ లోపలికి వచ్చాడు. ఉగోలో ముందు నేల మీద మోకాళ్ళు ఆన్చి కూర్చున్నాడు. తోలుముక్క పాదానికి చుట్టి, తాడు చీలమండ చుట్టూ తిప్పి, ముడి వేశాడు. మొదటిసారి సరిగ్గా కుదర్లేదు, విప్పి మళ్ళీ వేశాడు.

"గట్టిగా లాగు," అన్నాడు ఉగోలో. "మా ఊరు చాలా దూరం."

గట్టిగా లాగాడు. రెండో కాలికీ కట్టాడు. పక్కవాడు కాసేపు ఆలోచించి కాలు ముందుకి చాపాడు. కుర్రరౌతు మాత్రం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు, "నన్ను ముట్టుకోకు" అన్నాడు. మెంగార్దా వెళ్ళి ఆ కుర్రాడికి తను కట్టింది. రినియేరీ తల ఎత్తలేదు. నేల మీద అలాగే మోకాళ్ళతో జరిగి ఆ తర్వాతి మనిషి పాదం అందుకున్నాడు.